తెర మీదికి రాని నవ్వు

1983 ఫిబ్రవరి 14, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు ఆగింది. అందులోంచి దిగిన ముగ్గురిలో ఒకడు నా స్నేహితుడు. మిగతా ఇద్దరూ మద్రాసు నుంచి వచ్చిన సినిమావాళ్ళు; ఒకరు దర్శకుడు, ఇంకొకరు ప్రొడక్షన్ మేనేజరు. బడిలో మొదటి గంట తొమ్మిదీ ముప్పావుకు కొడతారు. పదో తరగతికి లెక్కలు చెప్పవలసిన నేను ఆ రోజు సెలవు చీటీ పంపి వాళ్ళ వెంట వెళ్ళాను. ముందుగా చెప్పకుండా సెలవు పెట్టడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ తరువాత జరిగిన వాటన్నిటికీ మొదలు ఏదని అడిగితే, ఆ తొమ్మిదీ ఇరవై అనే చెబుతాను.

నా స్నేహితుడు రచయిత. 1961లో ఆదోనిలో కాలేజీలో చేరినప్పుడు మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. గది కిటికీ తెరిస్తే జిన్నింగు మిల్లు గోడ. పని దిగి వచ్చే కూలీల తలలూ, కనుబొమలూ, చెవుల అంచులూ దూదితో తెల్లగా ఉండేవి. అతను కిటికీలోంచి వాళ్ళనే చూస్తూ కూర్చునేవాడు. చదువయ్యాక నేను ఎమ్మిగనూరు బడికి వచ్చాను, అతను కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా పని చేసి మద్రాసు చేరాడు. ఏడాదికి రెండుసార్లయినా కలిసేవాళ్ళం.

అతను రాసిన నవలకు విత్తనం మా ఇంట్లోది. మా ఊరు గోనెగండ్లకు రెండు మైళ్ళు. భాద్రపదం చివర పెద్దల అమావాస్య నాడు మా వైపు ప్రతి ఇంట్లోనూ చనిపోయిన పెద్దలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క ఆకు పరుస్తారు. వాళ్ళకు ఇష్టమైనవి వండి వడ్డించి, తలుపు దగ్గరగా వేసి కాసేపు బయట కూర్చుంటారు. వాళ్ళు తిని వెళ్ళారనుకున్నాకే బతికినవాళ్ళు తినాలి. 1972 కరువులో మా అవ్వ దగ్గర బియ్యం గింజ లేదు. పిడికెడు జొన్నసంకటిని తొమ్మిది ముద్దలు చేసి తొమ్మిది ఆకుల్లో పెట్టి, తలుపు వేస్తూ లోపలికి చూసి అన్నది: "ఈ యేటికి ఇంతే. కడుపు నిండలేదని లేసి రావాకండి, మాకే లేదు."

మరుసటి ఏడు ఆదోని టీ అంగట్లో నేనీ మాట చెబితే, నా స్నేహితుడు టీ గ్లాసు కింద పెట్టేసి, "మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

ఆరేళ్ళకు అది ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కరువు ఏడాది. ఏ ఇంట్లోనూ పెద్దలకు పెట్టలేదు. వానల్లేక నెర్రెలిచ్చిన నేలలోంచి, పూడ్చిపెట్టిన పెద్దలు ఒక్కొక్కరే లేచి ఎవరింటికి వాళ్ళు నడిచి వస్తారు. వాళ్ళు ఎవరినీ కొరకరు, గొంతు పిసకరు. గాదెలో విత్తనపు గింజలు తింటారు, పశువుల మేత తింటారు, బావి అడుగు దాకా తాగుతారు. తిన్నా వాళ్ళ ఆకలి తీరదు. ఇంట్లోవాళ్ళు పస్తులుండి చనిపోతారు. చనిపోయినవాళ్ళు లేచి పక్క ఊరికి నడుస్తారు. ఊరు పోయి తాలూకా, తాలూకా పోయి జిల్లా, ఆపైన లోకం. చివరికి ఒక్క ఇల్లు, ఒక్క ముసలమ్మ, ఒక్క శేరు కొర్రలు మిగులుతాయి. ఆమె ఆ కొర్రలు వండి, వాకిలి పొడవునా ఆకులు పరిచి, వచ్చిన ప్రతి శవాన్నీ మామా, అత్తా, చిన్నాయనా అని వరస పెట్టి పిలిచి వడ్డిస్తుంది. తలా ఒక మెతుకు వస్తుంది. వాళ్ళు తిని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒక్కసారి నవ్వి, వెనక్కి నడిచి ఎవరి గుంతలో వాళ్ళు పడుకుంటారు.

ఆ చివరి భాగం వచ్చిన వారం మంగలి అంగట్లో ఒకతను పైకి చదువుతుంటే, సగం గడ్డం గీసుకున్న మనిషి కుర్చీలో అలాగే కూర్చుని విన్నాడు. ఆ నవల నాకు ఒక పుస్తకంగా మాత్రమే కనిపించలేదు. మా అవ్వ మాటను అతను చెడగొట్టకుండా దాచిపెట్టాడని నమ్మాను.

సినిమావాళ్ళకు రాళ్ళగుట్ట పక్కన బీడు కావాలి, శవాలుగా లేచి నడవడానికి ఎండిన ముఖాలు కావాలి. రెండూ మా ఊళ్ళో ఉన్నాయని నా స్నేహితుడే వాళ్ళకు చెప్పాడు. వాళ్ళను మా పెదనాయన ఇంటికి తీసుకువెళ్ళాను. ఆయన మా నాన్నకు అన్న. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. నాలుగెకరాల మెట్ట రైతు. ఊళ్ళో ఆయన పేరు కన్నా నవ్వు ఎక్కువ మందికి తెలుసు; కళ్ళంలో నవ్వితే బావి దగ్గరికి వినిపించేది. దర్శకుడు ఆయన ముఖం చూడగానే, మొదట లేచే శవం ఈయనే అన్నాడు.

పెద్దమ్మ చేట పక్కన పెట్టింది.

"బతికుండే మనిసిని గుంతలో పండబెడ్తారా? మీ ఇండ్లల్ల ముసలోళ్ళు లేరా?"

మేనేజరు చేతులు జోడించి నిదానంగా చెప్పాడు. సినిమాలో దానికొక పద్ధతి ఉంది. శవంగా పడుకున్నవాడు ఎంత పెద్ద నటుడైనా సరే, ఆ సీను అయ్యాక లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వును కెమెరాలో పట్టుకుంటారు. దాంతో దోషం పోతుంది. నవ్వించకుండా ఏ కంపెనీ కూడా ఏ మనిషినీ ఇంటికి పంపదు.

"నవ్వేదానికి గూడా దుడ్లిస్తారంటనా?" అన్నాడు పెదనాయన. "ఇన్నాళ్ళూ ఊరికేనే నవ్వి నష్టపోతిని గదనే!"

"నువ్వుండు. నీకు పాడె కట్తామన్నా ఎగేసుకోని పోతావు." పెద్దమ్మ మేనేజరు వైపు తిరిగింది. "నవ్వేది యాడ సూపిస్తారు?"

దానికి నా స్నేహితుడు జవాబు చెప్పాడు. మద్రాసు వెళ్ళాక అతని మాట మారింది కాని, ఆ రోజు మా యాసలోనే మాట్లాడాడు. "సినిమా ఆఖర్న సూపిస్తాం పెద్దమ్మా. పుస్తకంలో ఉండేదే అది. అందరూ తిని, నవ్వి, పోయి పండుకుంటారు. మీ నవ్వుతోనే సినిమా అయిపోతాది."

పెద్దమ్మ అతన్ని కాసేపు చూసి నా వైపు తిరిగింది. "ఈయప్ప మాటలు బాగుండాయి. ఈయప్ప నాకు తెల్దు. నువ్వు సెప్పు అప్పా. ఈ ముసలోడు తెర మింద నవ్వేది నా కండ్లతో సూస్తానా, లేదా?"

"సూస్తావు పెద్దమ్మా. నేను మాటిస్తాండాను."

"సరే. సూసినాక శ్రావణంలో ఉరుకుంద ఈరన్నకు పోదాం. ముడుపు కడ్తాండాను."

ఆమె ఒప్పుకున్నాక ఊరు ఒప్పుకుంది. ముప్పై ఇద్దరు వచ్చారు. పందొమ్మిది మంది మగవాళ్ళు, పదముగ్గురు ఆడవాళ్ళు. ఒక్కొక్కరికీ ఆ మాట నేనే చెప్పాను. మేనేజరు చెబితే కాదన్నవాళ్ళు కూడా, బడిపంతులు చెప్పాడని ఒప్పుకున్నారు.

మార్చి 19 నుంచి 23 దాకా అయిదు రోజులు షూటింగు. ఆదోని మిల్లు నుంచి రెండు గోతాల నిండా దూది పొట్టు తెప్పించారు. ఒంటికి గంజి పూసి, బూడిద చల్లి, పైన ఆ పొట్టు అంటించేవారు. కాలేజీ రోజుల కిటికీ దృశ్యాన్ని నా స్నేహితుడు దర్శకుడికి ఎంత బాగా చెప్పాడో అర్థమై నాకు గర్వంగా అనిపించింది. ఎండకు గంజి బిగుసుకుని చర్మం లాగుతుంటే వాళ్ళు నిజంగానే తడబడుతూ నడిచారు.

దర్శకుడికి అది చాలలేదు. "ఇంగ్లీషు సినిమాల్లో జోంబీలు ఎలా నడుస్తాయో చూడండి" అంటూ మెడ ఒక పక్కకు వాల్చి, చేతులు ముందుకు చాచి, ఒక కాలు ఈడుస్తూ తానే నడిచి చూపించాడు.

పెదనాయన గుంత గట్టు మీద కూర్చుని శ్రద్ధగా చూశాడు. "అట్ల నడిసేది సచ్చినోడు కాదప్పా. కల్లంగట్లో నుంచి ఇంటికి పోయేటోడు."

యూనిట్ అంతా నవ్వింది. దర్శకుడు నవ్వలేదు. "నడిచాక హీరో చెయ్యి కొరకాలి" అన్నాడు.

"కొరికేదానికి పండ్లు యాడుండాయి సామీ? నాకు సంకటే నమిలేకి కాదు."

పుస్తకంలో శవాలు కొరకవు. ఆ మాట నా స్నేహితుణ్ణి పక్కకు పిలిచి అడిగాను. "భయం కోసం ఒకటి రెండు చోట్ల పెడుతున్నారు లేరా. చివర మారదు" అన్నాడు. నేను నమ్మాను. ఇరవై రెండేళ్ళుగా నమ్మినవాణ్ణి ఆ రోజు కొత్తగా అనుమానించడానికి కారణం కనిపించలేదు.

23వ తేదీ, బుధవారం, సాయంత్రం నాలుగు దాటాక ముప్పై ఇద్దరినీ రెండు వరసల్లో నిలబెట్టారు. ఆకులు పరిచి తినే దృశ్యం తరువాత మద్రాసులో సెట్టు వేసి తీస్తామనీ, ఇప్పుడు నవ్వు మాత్రం తీస్తామనీ మేనేజరు చెప్పాడు. కెమెరామన్ వంగి కన్ను ఆనించాడు. నా స్నేహితుడు కెమెరా పక్కనే నిలబడ్డాడు. మొదట ఎవరికీ నవ్వు రాలేదు. ముఖాల మీద ఎండిన గంజి పెచ్చులు లేచింది. పెదనాయన పక్కనున్న ముసలాయన వైపు తిరిగి, "ఏం మామా, సచ్చినాక బో సక్కగున్నావే!" అన్నాడు. అంతే. ఒకరిని చూసి ఒకరు నవ్వారు. పొట్టు రాలింది. నా స్నేహితుడు చేతులు ఊపుతూ, "ఇంగా గట్టిగా! ఇంగా!" అని అరిచాడు. దూరంగా సద్దిగంప పక్కన నిలబడ్డ పెద్దమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా గడియారం ప్రకారం నిమిషం పైన సాగింది. తరువాత గుమ్మడికాయ కొట్టి, లారీలెక్కి వెళ్ళిపోయారు.

సినిమా ఏడాది దాటాక వచ్చింది. ఆదోనికి 1984 జూన్ 22, శుక్రవారం చేరింది. ఆదివారం మ్యాట్నీకి ముప్పై ఇద్దరిలో ఇరవై ఆరుగురం... ఆ బహువచనంలో నన్ను కలుపుకునే హక్కు నాకు అప్పటికింకా ఉందనుకున్నాను... ఇంటివాళ్ళతో కలిసి బస్సులో వెళ్ళాం. పెద్దమ్మ పెట్టెలోని చీర కట్టుకుంది.

మొదటి గంట పండుగలా నడిచింది. గుంతలోంచి పెదనాయన ముఖం లేచినప్పుడు హాలంతా కేక వేసింది. మావాళ్ళు మాత్రం ఈలలు వేశారు. "అదిగో మా యత్త! ఒసే, ఆయమ్మ ఇంట్లో గూడా అట్లే సూస్తాది!" అని ఒక కోడలు అరిస్తే, రెండు వరసల అవతల నుంచి ఆ అత్త, "ఇంటికి రా, కొరుకుతా" అన్నది.

అప్పటికే కథ మారిపోయిందని నాకు తెలుస్తూ ఉంది. కరువు లేదు. పెద్దల అమావాస్య లేదు. ఒక మాంత్రికుడు నిధి కోసం శవాలను లేపాడట. శవాలు కొరికినవాళ్ళంతా శవాలవుతున్నారు. పట్నం నుంచి వచ్చిన హీరో వాటిని కొడుతున్నాడు. కొర్రల ముసలమ్మ కోసం చూశాను. ఆమె తెర మీదికి రాలేదు. చివర హీరో మా రాళ్ళగుట్ట చుట్టూ పెట్రోలు పోసి నిప్పు పెట్టాడు. మా బీడులో మా మనుషుల ముఖాలు దగ్గరగా, ఒక్కొక్కటే, ఆ తరువాత మంట, మళ్ళీ ముఖం, మళ్ళీ మంట. కాలినవి గడ్డిబొమ్మలని నాకు తెలుసు. పెదనాయన ముఖం అందరికన్నా చివర. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుని నడిచిపోయాడు. శుభం అని పడింది.

దీపాలు వెలిగాయి. మావాళ్ళు లేవలేదు.

"ఇంగా ఉండాది గదా?" అన్నది పెద్దమ్మ తెర వైపే చూస్తూ.

చీపురుతో వచ్చిన హాలు మనిషి, "అయిపాయ లేయండి, ఫస్టు షోకు ఊడ్సాల" అన్నాడు.

"నవ్వేది రాలేదు గదప్పా" అన్నది ఆమె అతనితో, ఓపికగా, అతనికి తెలియక పొరపాటు పడుతున్నట్టు. అతను నా వైపు చూసి ఊడ్చుకుంటూ వెళ్ళాడు.

బస్సులో పెదనాయన ఒక్క మాట అన్నాడు. "కాల్సినారు. మన ఇంట్లో ఎవురినీ కాల్సింది లేదు. పూడ్సేదే." ఆయన కోపంగా అనలేదు. మా వైపు పూడ్చిపెట్టే ఇళ్ళే ఎక్కువ. పెద్దలు నేలలో ఉన్నారన్న నమ్మకం మీదే మా అమావాస్య నడుస్తుంది. కాలిపోయినవాడు యాడ నుంచి లేచి వచ్చి తింటాడని వెనక సీట్లో ఎవరో అడిగారు.

నాకు ఒక దారి ఉందనిపించింది. సినిమాలో పెట్టకపోయినా, తీసిన నవ్వు ఎక్కడో ఉండాలి. ఆ ఫిల్ము తునక తెచ్చి, ఎవరినైనా బతిమాలి, మా ఊళ్ళో ఒక్క నిమిషం గోడ మీద వేయించినా చాలు. అది కుదరకపోతే అందులోంచి ఒక ఫోటో అచ్చు వేయించినా సరే. పెద్దమ్మకు అదే చెప్పాను. "తే పో" అన్నది.

జూలై 7, శనివారం ఉదయం మద్రాసులో నా స్నేహితుడి ఇంట్లో కూర్చున్నాను. కాఫీ ఇచ్చాడు. నేను అడిగింది పూర్తిగా విని నవ్వాడు.

"ఆ ఫిల్ము లేదురా."

"పారేసినారా?"

"తియ్యలేదు. కెమెరాలో ఫిల్మ్ లేదు ఆ రోజు. మధ్యాహ్నానికే స్టాకు అయిపోయింది. నవ్వించకపోతే మీవాళ్ళు గొడవ చేస్తారని మేనేజరు ఖాళీ కెమెరా తిప్పించాడు." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నిమిషానికి తొంభై అడుగులు. ముప్పై మంది కూలీల నవ్వు కోసం తొంభై అడుగులు ఎవడు తగలేస్తాడు, నువ్వే చెప్పు. లెక్కల మాస్టారివి."

"నీకు ఆ పొద్దే తెల్సా?"

"తెలుసు."

"కెమెరా పక్కన నిలబడి ఇంగా గట్టిగా అన్న్యావు."

"వాళ్ళ తృప్తి కోసమే కదా."

చివర మార్చింది ఎవరని అడిగాను. తానేనన్నాడు. మంట లేకపోతే డిస్ట్రిబ్యూటర్లు కొనేది లేదన్నారనీ, నవల అచ్చులో అలాగే ఉంది కదా అనీ అన్నాడు. మా ఊరికి రాక ముందే, జనవరిలోనే, మంటతో స్క్రిప్టు రాసి ఇచ్చేశాడు. అంటే మా ఇంటి అరుగు మీద కూర్చుని, మా యాసలో, పెద్దమ్మ ముఖం చూస్తూ అతను ఇచ్చిన మాట అప్పటికే చచ్చిన మాట. దాని మీద నేను నా మాట పెట్టాను.

"మీ ఊరోళ్ళకు రెండు నెలల్లో మర్చిపోయే విషయం. నువ్వే పెద్దది చేస్తున్నావు" అన్నాడు, నేను చెప్పులు వేసుకుంటుంటే.

ఊరికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తునక కాలిపోయిందనో, పోయిందనో చెప్పి ఉండవచ్చు. ఖాళీ కెమెరా ముందు నవ్వారన్న మాట వాళ్ళతో అనడం నాకు ఆ సినిమా చూడడం కన్నా కష్టమయింది. పెద్దమ్మ అంతా విని, "అయితే మేం నవ్వింది ఎవురు సూసినట్టు?" అన్నది. ముడుపు విప్పి పసుపుగుడ్డ ఉతికి ఆరేసింది. ఆ శ్రావణంలో ఉరుకుందకు ఎవరూ వెళ్ళలేదు.

ఆ ఏటి పెద్దల అమావాస్యకు నాకు కబురు రాలేదు. ప్రతి ఏడూ ముందు రోజే కబురు వచ్చేది. పొరపాటనుకుని నేనే వెళ్ళాను. వాకిట్లో పెదనాయన, పెద్దమ్మ కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి ఆకులు కనిపించాయి. మా ఇంటి పెద్దలవి పది. అవ్వ పోయాక పది అయ్యాయి. ఆ రోజు పదకొండు ఉన్నాయి.

"ఆ ఆకు ఎవురికి పెద్దమ్మా?"

"ఇంగెవురికి? తెర మింద కాల్సిరే, ఆయప్పకు." పెద్దమ్మ తలుపు వైపు చూపు తిప్పలేదు. "గుంత లేదు, మట్టి లేదు. యాడ తిరుగుతాండాడో. తింటే తిననీ."

ముప్పై ఇద్దరి ఇళ్ళలోనూ ఆ ఏడు ఒక ఆకు ఎక్కువ వేశారని తరువాత తెలిసింది. అత్తకు కోడలు, తండ్రికి కొడుకు, పక్కన మనిషి బతికి కూర్చుని ఉండగానే.

"నా ఆకులో వంకాయ కూర ఎక్కువేసింది సూడు" అన్నాడు పెదనాయన నాతో. "బతికినప్పుడు ఎప్పుడన్నా యేసిందా?" అని తనే ఆపేశాడు. ఆయన నవ్వుతాడని ఎదురుచూశాను.

పెద్దమ్మ లేచి తలుపు తీసింది. పెద్దల ఆకులు ఎత్తి, బతికినవాళ్ళకు ఆకులు పరిచింది. నేను ఎప్పటిలాగా కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి వైపు నడిచాను.

"నీకు ఆకు వెయ్యలేదప్పా" అన్నది లోపలి నుంచి. "ఆఖరు బస్సు దొరుకుతాదేమో సూడు."

ఇది 1989లో రాస్తున్నాను. నాకు నలభై ఏడు.

పోయినవి: ఇరవై మూడేళ్ళ స్నేహం. అతను రెండుసార్లు ఉత్తరం రాశాడు, నేను రాయలేదు. పెద్దల అమావాస్య పిలుపు. ఆ ఏడాదితో కలిపి అయిదుసార్లు రాలేదు. అయిదుగురు మనుషులు. నలుగురు వయసు పైబడి, ఒకరు పాము కరిచి పోయారు. ఊళ్ళో ఆ అయిదూ సినిమా లెక్కలోనే వేశారు. నలుగురు ఆ వరసల్లో నిలబడినవాళ్ళు, అయిదో మనిషి పెద్దమ్మ.

ఉన్నవి: పత్రిక నుంచి కత్తిరించి కుట్టించిన నవల, నలభై ఒక్క భాగాలు, ఒక్క కాగితం చిరగలేదు, మళ్ళీ చదవలేదు. పెదనాయన, డెబ్భై ఎనిమిదేళ్ళు, చూపు సరిగా లేదు. నెలకొకసారి వెళితే మంచం మీద జరిగి చోటిస్తాడు. వానల గురించి, ధరల గురించి మాట్లాడతాడు. ఆ నవ్వు మాత్రం మళ్ళీ వినలేదు.